మా యారాలి మాక్రో

2023 వానాకాలం. గోదావరికి ఇవతలి ఒడ్డున, బూర్గంపాడులో ఒక చిన్న నర్సింగ్ హోం. అందులో రికార్డుల గుమాస్తాను నేను. నా కిటికీలోంచి చూస్తే భద్రాచలం పోయే బస్సులు, వాటి వెనక ఆటోలు, ఆ ఆటోల్లో దుప్పట్లు కప్పుకుని అడవి ఊళ్ల నుంచి వచ్చే జ్వరాలు కనిపిస్తాయి. వానలు పడ్డాయంటే మాకు ఊపిరాడదు. వరండాలో కూడా మంచాలు వేస్తాం.

నా పని డిశ్చార్జి సమ్మరీలు టైపు చేయడం. పేషంటు ఇంటికి వెళ్లేటప్పుడు చేతికిచ్చే కాగితమది. ఏ జబ్బుతో వచ్చారు, ఏం మందులు వాడాం, ఏ మందు ఒంటికి పడదు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. మా పుట్టిల్లు ఏన్కూరు. అక్కడి ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషను మీద నేర్చుకున్న వేళ్లు నావి. మందుల షాపువాళ్లు కూడా తల పట్టుకునే చేతిరాతను నేను పక్కకు చూడకుండా కొట్టేస్తాను. "విజయ ఉన్నంతకాలం నాకు రంది లేదు" అనేవారు మా పెద్ద డాక్టరు గారు. ఆ ఒక్క మాట మీద ఏళ్ల తరబడి తల ఎత్తుకుని తిరిగాను.

అలాంటి నా సీటు పక్కకు మా యారాలు వచ్చి కూర్చుంది. తోటికోడలిని మా వైపు యారాలు అంటాం. పేరు స్రవంతి, మా మరిది భార్య, దమ్మపేట పిల్ల. సత్తుపల్లిలో కంప్యూటర్ల డిగ్రీ చదివింది. చదువుకున్న పిల్ల ఇంట్లో కూర్చుందని మా అత్తమ్మ సతాయిస్తుంటే, పెద్ద సార్‌ని బతిమాలి ఉద్యోగం ఇప్పించింది ఎవరనుకున్నారు? నేనే. ఏరికోరి తెచ్చి నా నెత్తిన కూర్చోబెట్టుకున్నాను.

కొత్తలో బాగానే ఉంది. "అక్కా, ఇదెట్ల? అక్కా, అదెట్ల?" అని నా చుట్టే తిరిగేది. వినడానికి హాయిగా ఉండేది. ఎండలు ముదరకముందు ఒకరోజు పొద్దున్నే పెద్ద సార్‌నీ సిస్టర్లనీ కంప్యూటరు దగ్గరికి పిలిచింది. తన కంప్యూటరు దగ్గరికి కాదు, నా కంప్యూటరు దగ్గరికి! వర్డ్‌లో ఒక ఫైలు తెరిచింది. తెరిచిందంతే, మరే మీటా నొక్కలేదు. తెర మీద చిన్న పెట్టె ఒకటి దానంతట అదే లేచి 'పేషంటు పేరు?' అని అడిగింది. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే 'ఊరు?' అని ఇంకో పెట్టె. ఆ తరవాత వయసు, జబ్బు, మందులు, చిట్టచివర 'అలర్జీ?'. అన్నీ అయ్యేసరికి సమ్మరీ గీతలతో, గడులతో సహా తయారై, తన పేరు తానే పెట్టుకుని సేవ్ కూడా అయిపోయింది.

"అరె వా!" అని పెద్ద సార్ చప్పట్లు కొట్టారు. సిస్టర్ కరుణైతే నోటి మీద చెయ్యి వేసుకుని "మంత్రమేసినట్టే ఉన్నది గద స్రవంతీ!" అంది. సార్ నా వైపు తిరిగి, "విజయా, నువ్వు కూడా స్రవంతి దగ్గర నేర్చుకో" అన్నారు. నేను! దాని దగ్గర!

దీన్ని మాక్రో అంటారు. రోజూ చేసే పనుల వరసను ఒకసారి రాసి పెడితే, వర్డ్ తనంతట తానే ఆ వరస నడిపిస్తుంది. ఆ వరసకు ఆటోఓపెన్ అని పేరు పెడితే ఇక పిలవక్కర్లేదు, ఫైలు తెరుచుకోగానే మొదలవుతుంది. మామూలుగా ఇలాంటి ఫైలు తెరిస్తే పైన ఒక పసుపు పట్టీ వచ్చి, దీన్ని నడవనివ్వాలా వద్దా అని అడుగుతుంది. ఎవరు రాశారో తెలియని మాక్రోలలో వైరస్‌లు దాగి ఉంటాయి కాబట్టి ఆ కాపలా. సిస్టర్లకు అడ్డం కాకూడదని, మా ఫోల్డరు నమ్మకమైనదేనని వర్డ్‌కు చెప్పి, ఆ పట్టీ కూడా రాకుండా చేసింది స్రవంతి. ఇవన్నీ నేను తరవాత తెలుసుకున్నవి. ఆ పొద్దున నాకు తెలిసింది ఒక్కటే, నా కడుపు భగ్గుమంది.

ఇంట్లోనైనా శాంతి ఉందా? మా అత్తమ్మ వచ్చినవాళ్లకల్లా అదే చెప్పేది. "మా చిన్నకోడలు తెరిస్తే చాలట, కంప్యూటరే నోరు తెరిచి అడుగుతదట. పెద్దదేమో పొద్దంత టకటక కొడతనే ఉంటది." నేను వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ వినేదాన్ని. కళ్లల్లో నీళ్లు ఉల్లిగడ్డ వల్లే వచ్చాయని అనుకునే వీలుండేది, అదొక్కటే మేలు. నర్సింగ్ హోంలో చాయ్ కూడా ముందు స్రవంతికి ఇచ్చి ఆ తరవాత నాకు ఇవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతారేమో, చల్లారిన చాయ్ తాగినవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ.

ఇక నా పని ఒకటే అయింది. స్రవంతి ఫైలు తెరిచినప్పుడల్లా ఏదో ఒక వంకతో వెళ్లి ఆమె వెనక నిలబడేదాన్ని. చేతిలో నీళ్ల గ్లాసు, చూపు తెర మీద. ఎక్కడో ఒక తప్పు ఉండకపోతుందా, అది నాకు దొరక్కపోతుందా అని. అందరూ ఆ లేచొచ్చే పెట్టెను చూసి మురిసేవాళ్లు. నేను మాత్రం పెట్టె వెనక కనిపించే కాగితాన్ని చూసేదాన్ని. ఇంత శ్రద్ధగా నేను టైపు పరీక్షకు కూడా చదవలేదు.

మధ్యలో స్రవంతి ఆ మాక్రోకు రెండు మార్పులు చేసింది. పాత ఫైలు తెరిచినా పెట్టెలు మళ్లీ లేచి అడుగుతున్నాయని, ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే పేరూ ఊరూ చెరిగిపోతున్నాయని సిస్టర్లు మొత్తుకున్నారు. దాంతో, ఖాళీగా ఎంటర్ నొక్కితే పాతది అలాగే ఉండేలా సరిచేసింది. రెండోది అలర్జీ గడి. సిస్టర్లు దాన్ని తరచూ ఖాళీగా వదిలేస్తుంటే పెద్ద సార్ కోప్పడ్డారు. అందుకని, ఆ ఒక్క గడిలో ఏమీ కొట్టకపోతే మాక్రోనే 'నిల్' అని రాసేలా చేసింది. నిల్ అంటే ఏ మందుతోనూ ఇబ్బంది లేదని. ఈ రెండో మార్పుకు కూడా చప్పట్లే. నేను పళ్లు నూరుకుని ఊరుకున్నాను.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ముత్తమ్మను ఆటోలో తెచ్చారు. అడవి ఊరి కోయ మనిషి. నాట్లలో కాలికి గీసుకున్న గాయం చీము పట్టి, మోకాలి దాకా వాచిపోయింది. ఒళ్లు పొయ్యిలా కాలుతోంది. కోయలో ఏదో కలవరిస్తోంది తప్ప అడిగినదానికి జవాబు లేదు. వెంట వచ్చింది ఆమె తమ్ముడు లచ్చయ్య. పెద్ద సార్ ఆ రోజు ఖమ్మం వెళ్లారు. కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు ఒక్కడే ఉన్నాడు, చిన్నవాడు.

"ఇంతకుముందు ఈ దవాఖానకు వచ్చిందా?" అని అడిగాడు డాక్టరు.

"వచ్చింది సారూ, తునికాకు దినాలల్ల. దగ్గు, జ్వరమని మా బావ తోల్కొచ్చిండు. నేను రాలే."

"ఆ కాగితాలేవి?"

"చూర్ల చెక్కిండ్రు సారూ. వానకు నాని ముద్దయింది. మీ కంప్యూటర్ల ఉంటదట గద?" అన్నాడు లచ్చయ్య.

అది మాకు అలవాటైన సంగతే. ఆ ఊళ్లలో విలువైన కాగితమంటే ఇంటి చూరులో చెక్కుతారు. ఎలుకలకూ పిల్లలకూ అందదు, వానకు మాత్రం అందుతుంది. ఎండాకాలంలో బీడీ ఆకు కోసే ఆ తునికాకు రోజుల్లో ముత్తమ్మ వచ్చినప్పుడు నేను మేనకోడలి పెళ్లని ఏన్కూరులో ఉన్నాను. అప్పుడు డ్యూటీ చేసిన సిస్టరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. సమ్మరీ కొట్టింది స్రవంతే కానీ, సార్ చెప్పుకుపోతుంటే అలాంటివి రోజూ ఎన్నో కొడుతుంది, ఏ ముత్తమ్మ ఎవరో ఆమెకేం గుర్తుంటుంది? మా దగ్గరికి వచ్చే ముత్తమ్మలు తక్కువేం కాదు.

"స్రవంతి గారూ, పాత సమ్మరీ తీయండి. ఏ మందైనా పడలేదేమో చూసి చెప్పండి" అని డాక్టరు వార్డులోంచి కేకేశాడు.

నేను ఎప్పట్లాగే వెనక చేరాను. స్రవంతి ఫైలు తెరిచింది. పెట్టెలు లేచాయి. పాత ఫైలే కదా అని ఎంటర్ మీద ఎంటర్ కొట్టుకుంటూ పోయింది. నా చూపు పెట్టె వెనకే ఉంది. కాగితం అడుగున అలర్జీ గడిలో ఒక పొడుగాటి వాక్యం కనిపించింది. సెఫ్‌ట్రియాక్సోన్ అన్న మందు పేరు దాకా చదివానో లేదో, స్రవంతి ఆఖరి ఎంటర్ నొక్కింది. నా కళ్ల ముందే ఆ వాక్యం మాయమై 'నిల్' వచ్చి కూర్చుంది. సేవ్ కూడా అయిపోయింది.

"అలర్జీ నిల్ సార్!" అని కేకేసింది స్రవంతి.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నాకు ముందు కలిగింది భయం కాదు, సంతోషం. దొరికింది! ఇన్నాళ్లకు దొరికింది! ఒళ్లంతా తేలికైపోయింది. పెద్ద సార్ రాగానే ఎలా మొదలుపెట్టాలి, స్రవంతి ముఖం ఎలా మాడుతుంది, ఇంటికి వెళ్లి అత్తమ్మకు ఎలా చెప్పాలి, మాటలు కూడా కూర్చుకుంటున్నాను. అప్పుడు వార్డులోంచి డాక్టరు మాట వినిపించింది.

"సిస్టర్, సెఫ్‌ట్రియాక్సోన్ లోడ్ చేయండి."

అదే మాట. చేతిలోని గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు, పరుగెత్తాను. సిస్టర్ కరుణ మందు సిరంజిలోకి తీసుకుని ముత్తమ్మ చెయ్యి పట్టుకుంటోంది.

"సిస్టర్, ఆగు! ఆ సూది ఎయ్యొద్దు! ఆమెకు ఆ మందు పడదు!"

"ఏందక్కా, ఏమైంది? ఇప్పుడే నిల్ అని చెప్పింది గద స్రవంతి" అంది కరుణ.

"తప్పు చెప్పింది. ఫైల్ల వేరే ఉన్నది. నేను చూసిన."

డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, కంప్యూటరు దగ్గరికి వచ్చాడు. తెర మీద శుభ్రంగా 'నిల్' అనే ఉంది. "ఉంది కదమ్మా నిల్ అని?" అన్నాడు.

"ఇంతకుముందు గట్ల లేకుండె సార్. పెట్టెలు పోంగనే మారింది. నా కండ్లతోటి చూసిన."

కరుణ డాక్టరుతో మెల్లగా, నాకు వినపడకూడదన్నట్టు, వినపడేలాగే అంది. "విజయక్కకు ఆ మాక్రో అంటే మొదటిసంది పడదు సార్. యారాండ్ల పంచాయితి." కొత్తగా వచ్చిన డాక్టరుకు కూడా నా సంగతి ముందే తెలుసని అతని ముఖంలో చూశాను. నా కుళ్లు ఆ నర్సింగ్ హోంలో అందరికీ తెలుసు. ఇప్పుడది నా నోటికి అడ్డంగా నిలబడింది. అక్కడ మంచం మీద ఒక మనిషి, ఇక్కడ నా మాట నమ్మే మనిషి లేదు.

స్రవంతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అక్కా, నా మీద కోపముంటే ఇంట్ల తిట్టు, పడత. ఇక్కడ ఆమె పానం మీదికి తేకు" అంది. అంటూనే మౌస్‌ను ఫైలు మూసే గుర్తు మీదికి తీసుకెళ్లింది. మూసి మళ్లీ తెరిచి అందరికీ చూపిద్దామని కాబోలు.

"ముయ్యకు!" అని అరిచాను. వరండాలో వాళ్లు కూడా లేచి చూశారు. "స్రవంతీ, దాని జోలికి పోకు! చెయ్యి తియ్!"

ఆమె చేతిలోంచి మౌస్ లాగేసుకున్నాను. వర్డ్‌లో కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కితే చివరగా చేసిన పని వెనక్కి పోతుంది. మాక్రో చేసిన పనైనా అంతే. సేవ్ అయినా ఫరవాలేదు, కానీ ఫైలు తెరిచి ఉన్నంతసేపే. ఒక్కసారి మూశామా, ఇక వెనక్కి దారి లేదు. టైపు మిషను నుంచి కంప్యూటరుకు వచ్చిన నాబోటివాళ్లు మొదట నేర్చుకునే మీట అదే. మిషను మీద తప్పు కొడితే కాగితం మొత్తం పారేయాల్సి వచ్చేది మరి.

నొక్కాను. ఏమీ మారలేదు. మళ్లీ నొక్కాను. 'నిల్' పోయింది, పొడుగాటి వాక్యం తిరిగొచ్చింది. సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్ వేసిన వెంటనే ముఖం వాచి, బీపీ పడిపోయి, ఊపిరి ఆడలేదని, మళ్లీ ఎప్పుడూ ఈ మందు ఇవ్వరాదని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. పెద్ద సార్ చెప్పింది, స్రవంతి కొట్టింది.

డాక్టరు రెండుసార్లు చదివాడు. నుదుటికి పట్టిన చెమట తుడుచుకుని, "సిస్టర్, అది పారేయండి. వేరే మందు రాస్తాను" అన్నాడు. ముందు చిన్న చుక్క వేసి పరీక్ష చేస్తారు కదా అని మీరు అడగొచ్చు. ఆమె లాంటివాళ్లకు ఆ చుక్క కూడా ప్రమాదమేనని పెద్ద సార్ తరవాత చెప్పారు. లచ్చయ్యకు ఇదంతా ఏమీ అర్థం కాలేదు. గుమ్మం దగ్గర నిలబడి "ఏమైంది సారూ, మా అక్కకు ఏమైతది?" అని అడుగుతూనే ఉన్నాడు. ఏమీ కాదని నేనే చెప్పి కూర్చోబెట్టాను.

స్రవంతి కుర్చీలోనే బిగుసుకుపోయింది. ఆమె ముఖం మాడితే చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. మాడింది. కానీ ఆమె అడిగిన మాట విన్నాక చూడబుద్ధి కాలేదు.

"అక్కా, ఇంకెన్ని ఫైళ్లు గిట్ల నిల్ అయినయో?"

నాకు కూడా అప్పుడే తట్టింది. సిస్టర్లు రోజూ పాత ఫైళ్లు తెరుస్తూనే ఉన్నారు, ఎంటర్లు కొడుతూనే ఉన్నారు. ఆ వారమంతా అటక మీద నుంచి పాత కేసు షీట్ల మూటలు దింపి, డాక్టరు చేతిరాత నేను చదువుతుంటే ఆమె ఫైళ్లు సరిచేసింది. చెరిగిపోయినవి ఇంకొన్ని దొరికాయి. దేవుడి దయ, వాళ్లెవరూ ఈలోపు మా దగ్గర సూది వేయించుకోలేదు.

మాక్రోనైతే స్రవంతి మరునాడే మార్చింది. ఆటోఓపెన్ అంటే ఏ ఫైలు తెరిచినా నడిచేది. ఆటోన్యూ అని ఇంకోటి ఉంది, అది కొత్త కాగితం మొదలుపెట్టినప్పుడు మాత్రమే నడుస్తుంది. పెట్టెలన్నీ అందులోకి మార్చి, తయారైన సమ్మరీ మాక్రోలు ఉండని మామూలు ఫైలుగా సేవ్ అయ్యేలా చేసింది. పాత ఫైళ్లను కూడా అలాగే మార్చింది. ఇక పాత ఫైలు తెరిస్తే కాగితం ఊరికే తెరుచుకుంటుంది, ఏమీ అడగదు. అలర్జీ గడిలో నిల్ అని మనిషే కొట్టాలి, కొట్టందే ముందుకు పోనివ్వదు.

పెద్ద సార్ అందరినీ పిలిచి మాట్లాడారు. "తప్పు తెలిసిన మరునాడే ఇంత పక్కాగా సరిచేసినవాళ్లను నేను చూడలేదు. శభాష్ స్రవంతీ" అన్నారు. తరవాత నా వైపు చూసి, "విజయా, నువ్వు కూడా మంచి పని చేశావు" అన్నారు. కూడా! ఆ 'కూడా' ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది. ప్రాణం నిలబెట్టింది నేను, శభాష్ దానికి, కూడా నాకు.

అక్కడితో అయిందా? కాలు తగ్గి ముత్తమ్మ ఇంటికి వెళ్లిన కొన్నాళ్లకు లచ్చయ్య టేకాకులో పుట్టగొడుగులు చుట్టుకుని వచ్చాడు. తిన్నగా వెళ్లి ఎవరి చేతిలో పెట్టాడు? స్రవంతి చేతిలో. కంప్యూటరు ముందు కూర్చున్నది ఆమే కదా మరి. నేను ముఖం తిప్పుకుని కీబోర్డు దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

"నాకు కాదన్నా, గా అక్కకు ఇయ్యి" అంది స్రవంతి. "నా తప్పుకు మీ అక్క పానం పోతుండె. కాపాడింది ఆమెనే."

లచ్చయ్య పొట్లం తెచ్చి నా టేబులు మీద పెట్టి దండం పెట్టాడు. నా కళ్లు చెమర్చాయి, అదీ నిజమే. కానీ చూశారా, ఆ మంచితనం కూడా దానికే ముందు తట్టింది. నేనైతే పొట్లం తీసుకుని సంచిలో వేసుకునేదాన్నే. ఆ పూట పుట్టగొడుగులు వండితే అత్తమ్మ రెండోసారి వడ్డించుకుని, "స్రవంతి తెచ్చిందా?" అని అడిగింది. "కాదత్తమ్మా, అక్క సంపాదించింది" అని మళ్లీ స్రవంతే చెప్పింది. ఏం చేయను చెప్పండి ఇలాంటి మనిషితో? హాయిగా తిట్టుకోవడానికి కూడా సందు ఇవ్వదు.

అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి నడుస్తోంది. స్రవంతి ఏ కొత్త మాక్రో రాసినా, పెద్ద సార్‌కు చూపించకముందు నా ముందు పెట్టి కూర్చుంటుంది. "తప్పు పట్టక్కా" అంటుంది. మొదటిసారి అడిగినప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"నన్నెందుకు అడుగుతున్నవ్? సిస్టర్లు ఉన్నరు, డాక్టరు ఉన్నడు."

"వాళ్లు చప్పట్లు కొడతరక్కా" అంది స్రవంతి, నవ్వకుండా. "నీ అంత కడుపుమంటతోటి చూసేటోళ్లు నాకు ఇంకెవ్వరున్నరు?"

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆమెకు తెలుసు, నేను దాచానని అనుకున్నది ఎప్పుడూ దాగలేదు. మెచ్చుకునేవాళ్ల కంటికి లేచొచ్చే పెట్టె కనిపిస్తుంది, ఓర్వలేనివాళ్ల కంటికి దాని వెనక కాగితం కనిపిస్తుంది. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. మనుషుల ప్రాణాలతో ముడిపడిన పనిని, అది నచ్చని మనిషి ఒకరు కూర్చుని చూడాలి. మా నర్సింగ్ హోంలో ఆ మనిషిని నేను. ఓర్వలేనితనం తగ్గించుకోమని మీరు సలహా ఇవ్వొచ్చు కానీ, దానితో ఇప్పుడు చాలా పనుంది.

కిందటి వారం ముత్తమ్మ మళ్లీ వచ్చింది, మామూలు జలుబుకే. స్రవంతి ఫైలు తెరిస్తే పెట్టెలేవీ లేవలేదు, అడుగున ఆ పొడుగాటి వాక్యం చెక్కుచెదరకుండా ఉంది. ఆ సాయంత్రమే స్రవంతి కొత్త మాక్రో ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది, పాత పేషంటు పేరు కొట్టగానే పడని మందులను ఎర్రగా పైకి తెచ్చి చూపించేది. ఖాళీగా ఎంటర్లు కొట్టాను. మధ్యలో ఆపి మూశాను. ఇద్దరు ముత్తమ్మలను కలగలిపి చూశాను. నాకు తెలిసిన పాడుబుద్ధులన్నీ దాని మీద ప్రయోగించాను.

ఒక్క తప్పు దొరకలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.